జహీరాబీ సంతకం

జహీరాబీ చేతిలో చేట పెడితే కందులు మాట వింటాయని తాండూరు పప్పు మిల్లుల్లో చెప్పుకునేవారు. మాట వినకపోతే ఆమె తిట్లకైనా వింటాయని పక్కన కూర్చున్నవాళ్లు కలిపేవారు. రెండూ నిజమే. పదహారో ఏట మిల్లులో అడుగుపెట్టి, ముప్పై ఏళ్లు అక్కడే చెరిగింది. రాళ్లు ఒక పక్కకు, పుచ్చులు ఒక పక్కకు, బద్దలు ముందుకు. ఆమె చేట తిప్పుతుంటే కొత్తగా వచ్చిన ఆడవాళ్లు తమ పని మానేసి చూసేవారు. చూసినందుకు వాళ్లకూ తిట్లు పడేవి.

ఆమె వయసు ముప్పై ఒకటి నడుస్తుండగా ఒక వానాకాలం మిల్లు రేకులు కారి రెండు బస్తాల పప్పు తడిసిపోయింది. రేకులు మార్చమని ఆడవాళ్లు ఎండాకాలం నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. మర్నాడు గుమాస్తా ఒక కాగితం తెచ్చి, హాజరు కాగితమని చెప్పి, ఆమె బొటనవేలు పట్టి అద్దించుకున్నాడు. వారం తర్వాత మేస్త్రీ దాన్ని నలభై మంది ముందు గట్టిగా చదివాడు. "నా అజాగ్రత్త వల్ల రెండు బస్తాల పప్పు పాడైనది." ఆమె చేట లాక్కుని చీపురు ఇచ్చారు. ఆరు నెలలు ఊడ్చింది.

ఆ ఆరు నెలల్లోనే ఆమె చదువు నేర్చుకుంది. కూతురు తూబా అప్పుడు రెండో తరగతి. బిడ్డ పుస్తకం ముందేసుకుని అ నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఙ దగ్గర పుస్తకాన్ని కూడా తిట్టి, మొత్తానికి ఒడ్డున పడింది. అప్పటి నుంచి చదవకుండా దేని మీదా వేలు గానీ సంతకం గానీ పెట్టలేదు. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెట్టే ముందు కూడా ఆ చిన్న తెర మీది అక్షరాలన్నీ చదువుతుంది. వెనక లైను లైనంతా గోల పెడుతుంది. "గోల పెట్టుండ్రి, మీ వేలు కాదు కద పోయేది," అంటుంది.

తర్వాత మిల్లుకు గింజల రంగు చూసి ఏరే యంత్రం వచ్చింది. యంత్రం వచ్చిన నెలకు చేటలన్నీ మూలకు పడ్డాయి, చేటలతో పాటు ఆడవాళ్లూ పడ్డారు. అప్పుడే వికారాబాద్ దాటాక గుట్టల వాలులో ఒక షూటింగ్ రేంజ్ తెరిచారు. హైదరాబాదు నుంచి పోటీలకు తయారయ్యే పిల్లలు వచ్చి గురి నేర్చుకునే చోటు. కొత్త తూటాలు కొనాలంటే వాళ్ల తరం కాదు కాబట్టి, కాల్చేసిన ఖాళీ తూటా తొడుగులను మళ్లీ నింపుకోవడానికి రేంజ్‌కు లైసెన్సు ఉంది. ఆ నింపే గదిలోకి చెయ్యి నిదానమైన ఆడమనిషి కావాలన్నారు. నిదానం అనే మాట జహీరాబీ గురించి అంతవరకూ ఎవరూ అనలేదు. కానీ వాళ్లు చూసింది నోటిని కాదు, చేతిని.

ఆ గదిలో పని ఇది. తూటా అడుగున చిన్న ఇత్తడి టోపీ ఒకటి కూర్చుంటుంది, ప్రైమర్ అంటారు. తుపాకీ పిన్ను దాన్ని కొట్టగానే ముందు అది పేలుతుంది, అది పేలితేనే లోపలి మందు అంటుకుంటుంది. చూడటానికి కందిబద్దంత ఉంటుంది. కందిబద్ద లాగే దానికీ ఒక పక్క నునుపు, ఒక పక్క వేరు. వాటిని గీతల పళ్లెంలో పోసి కదిపితే, బోర్లా పడ్డవాటి అంచులు గీతలకు తట్టుకుని ఒక్కొక్కటే తిరగబడతాయి. అన్నీ ఒకే వైపుకు వచ్చాక మూత పెట్టి పళ్లేన్ని తిప్పేస్తే నునుపు మొహాలు పైకి లేస్తాయి. అప్పుడు జానెడున్నర పొడవుండే సన్నటి గొట్టం తీసుకుని, దాని మెత్తని ప్లాస్టిక్ మూతిని ఒక్కో ప్రైమర్ మీద నొక్కుతూ పోవాలి. నొక్కిందల్లా లోపలికి పోయి ఒకదాని మీద ఒకటి నిలబడుతుంది. గొట్టానికి వంద. పై చివర ఒక పిన్ను గుచ్చితే గొట్టం తయారు. దాన్ని తీసుకుపోయి తూటాలు నింపే యంత్రానికి పెడతారు.

అంతకు ముందు ఆ పళ్లేన్ని మగవాళ్లు పూనకం వచ్చినట్టు ఊపేవారట. ప్రైమర్లు ఎగిరి గదంతా పడేవట. జహీరాబీ మొదటి రోజు పళ్లెం అందుకుని, మణికట్టుతో మూడు చుట్లు తిప్పింది. రెండు వందల ప్రైమర్లూ ఒకే మొహం పెట్టి కూర్చున్నాయి. "గింతేనా?" అంది. ఆ మాటకు ఎనిమిదేళ్లు.

ఈ ఎనిమిదేళ్లలో ఆ గదికి ఆమె కొన్ని కట్టుబాట్లు పెట్టింది. నూలు చీరే కట్టాలి. కూర్చునే ముందు గుమ్మం పక్కనున్న రాగి రేకును ముట్టాలి, ఒంట్లో కరెంటేమైనా ఉంటే దానికి పోతుంది. గొట్టంలో ఏదైనా ఇరుక్కుంటే పుల్ల పెట్టి పొడవకూడదు, పొడిచినవాడు మళ్లీ ఆ గదిలోకి రాకూడదు. లెక్క మనసులోనే పెట్టుకోవాలి, ఎదుటివాళ్ల లెక్క చెడగొట్టకూడదు. ఇంకొకటి, మొదటిదాన్ని ఒకటి అనకూడదు. లాభం అనాలి. మిల్లులో కొలత అలాగే మొదలయ్యేది. తాండూరు గంజిలో, అదే ధాన్యం మార్కెట్లో, కొలిచే ఎవరినైనా అడగండి, మొదటి మానిక లాభం, తర్వాత రెండు, తర్వాత మూడు.

పన్నెండు రోజుల కిందట ఆ గదిలోకి సింధుజ వచ్చింది. పెద్దేముల్ పిల్ల, ఇరవై ఏళ్లు, వాళ్లది గొర్లు కాసే ఇల్లు. డిగ్రీ మధ్యలో ఆగింది. మూడు నెలలు పని నేర్చుకుంటే ఉంచుకుంటామన్నారు. జహీరాబీ పళ్లెం తిప్పడం నేర్పింది, గొట్టం నింపడం నేర్పింది. "మొదటిది లాభం అను బిడ్డా, ఒకటి అనొద్దు," అని కూడా చెప్పింది. సింధుజ బుద్ధిగా తలూపింది. ఆ తలూపడంలో ఏం అర్థం చేసుకుందో జహీరాబీ అడగలేదు.

ఆదివారం పోటీ. శుక్రవారం పొద్దున్నే రెండు వేల ప్రైమర్లు పెట్టె విప్పారు. చెరి వెయ్యి, చెరి పది గొట్టాలు. సింధుజ సొంతంగా నింపడం అదే మొదటిసారి. పదకొండు గంటలకు మేనేజరు విజయ్‌కుమార్ వచ్చి గొట్టాలు చూసుకున్నాడు. పంతొమ్మిది నిండి ఉన్నాయి. ఇరవయ్యోది, సింధుజ చివర నింపినది, వెలితిగా ఉంది. పళ్లెంలో పోసి లెక్కపెట్టాడు. తొంభై ఒకటి. తొమ్మిది తక్కువ.

లైసెన్సు ఉన్న చోట తొమ్మిది ప్రైమర్లు కనపడకపోవడం చిన్న విషయం కాదు. పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా చెప్పాలి. విజయ్‌కుమార్ బల్ల కింద చూశాడు, చీపురుతో ఊడిపించాడు, పెట్టె విదిలించాడు. తర్వాత వాచ్‌మన్ మత్తయ్యను పిలిచాడు.

"మత్తయ్యా, జహీరమ్మ సంచి చూడు."

మత్తయ్య చేతులు నలుపుకున్నాడు. జహీరాబీ తన సంచి తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో టిఫిన్ డబ్బా, తాండూరు ప్యాసింజర్ పాసు, కళ్లద్దాలు ఉన్నాయి.

"చూడు మత్తయ్యా. నా తర్వాత గీ పిల్ల సంచి చూడు. తర్వాత నీది. తర్వాత సారు లాప్‌టాప్ సంచి. గట్లయితెనే నాది ముట్టు."

"నా సంచెందుకు?" అన్నాడు విజయ్‌కుమార్.

"నాదెందుకో గందుకే."

"జహీరమ్మా, అర్థం చేసుకో. ఇది మందుగుండు వ్యవహారం. రోజులెట్లున్నయో నీకు తెలుసు. పైగా..."

"పైగా? ఏంది సారు పైగా? పూర్తిగ చెప్పు, వింట."

అతను తన సంచి కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి సంచి ఆమెదే ఎందుకైందో ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. అందరికంటే బాగా జహీరాబీకి తెలుసు. ఎనిమిదేళ్లలో ఆ చేతుల మీదుగా ఎన్ని లక్షల ప్రైమర్లు పోయాయో, అందులో ఒక్కటి తగ్గిందా? ఆ సంగతి గుర్తుకు రాలేదు గానీ ఆమె పేరు మాత్రం గుర్తుకొచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదామె. ఎదుటివాడి భుజాలు తడిమే రకం.

మత్తయ్య నాలుగు సంచులూ చూశాడు. మేనేజరు సంచిలో సగం తిన్న బిస్కెట్ పొట్లం తప్ప ఏమీ దొరకలేదు.

విజయ్‌కుమార్ కూర్చుని ఒక కాగితం రాశాడు. గొంతు మెత్తన చేసుకున్నాడు. "చూడు, నేను కేసు గీసు అంటలేను. ఎక్కడనో పడి పోయినయి. పెద్దదానివి నువ్వు, గదికి నువ్వే జిమ్మేదారి. గిదాని మీద సంతకం పెట్టు, స్టేషన్‌ల నేను మాట్లాడుకుంట. మధ్యాన్నం లోడింగ్ మొదలు కావాలె."

జహీరాబీ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి చదివింది. "నా అజాగ్రత్త వల్ల తొమ్మిది ప్రైమర్లు పోయినవి."

వేలు ఆ మొదటి మూడు మాటల కిందే ఆగిపోయింది. ఇరవై మూడేళ్లు గడిచినా రాసేవాళ్లకు వేరే మాటలే దొరకలేదు. ఆనాడు ఆమెకు చదువు లేదు. ఈనాడు ఉంది. అంతే తేడా.

"పెట్టను," అంది.

"పెట్టకపోతే స్టేషన్‌కు నీ పేరు రాసి పంపాల్సొస్తది. తర్వాత నీ ఇష్టం. నిప్పు లేనిదే పొగ రాదు."

"నిప్పు సంగతి నాకు చెప్పకు సారు, నేను నిప్పు ముందటనే కూసుంట. పోయినయని నాకు తెల్వదు. పోనిదాన్ని పోయిందని ఎట్ల రాస్త?"

మత్తయ్య దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "పెట్టక్క, జర ఫికర్ పోతది." ఆమె వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేసింది. భర్త నిసార్ తాండూరులో నాపరాయి పాలిషు పని చేస్తాడు, గొడవంటే ఆమడ దూరం. యంత్రం చప్పుడులోంచి అతనూ అదే అన్నాడు. "ఎందుకు లొల్లి, పెట్టెయ్. పనైతే ఉంటది."

"పని ఉంటది, నేనుంటనా? నీ రాళ్లు నువ్వు చూస్కో," అని పెట్టేసింది.

లోపలికొచ్చేసరికి సింధుజ మూలన కూర్చుని ఏడుస్తోంది. "చాచీ, నేను మంచిగనే లెక్కపెట్టిన. ఒట్టు."

జహీరాబీ ఆ పిల్ల గొట్టాల వరస వైపు చూసింది. తన గొట్టాల పిన్నులు తిన్నగా పడుకుని ఉన్నాయి. సింధుజవి కొంచెం ఎత్తుగా, బలవంతంగా తోసినట్టు ఉన్నాయి. ఆమె వంగి మెల్లగా అడిగింది. "ఎట్ల లెక్కవెట్టినవో నా చెవుల చెప్పు."

"నువ్వు చెప్పినట్టే చాచీ. లాభం... ఒకటి... రెండు..."

"ఆగు," అంది జహీరాబీ, ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టినంత పని చేసి. "లాభం అంటె ఏందనుకున్నవ్?"

"కొసరు కద? కూరగాయలామె పైనుంచి ఒకటేసినట్టు. గొట్టానికి ఒకటి కొసరేస్తరేమో అనుకున్న."

జహీరాబీ ఆ గొట్టాల వరస వైపు మళ్లీ చూసింది. తొమ్మిది గొట్టాల్లో తొమ్మిది కొసర్లు. పోయినవేవీ పోలేదు, బల్ల మీదే ఉన్నాయి. ఆ సంగతి చెబితే తన మీది నింద ఆ క్షణమే పోతుంది. కానీ మూడు నెలల శిక్షణ మీద వచ్చిన పిల్ల పన్నెండో రోజునే ఇంటికి పోతుంది. పన్నెండు రోజులూ తను ఎదురుగా కూర్చుని కూడా ఒక్కసారి పైకి లెక్కపెట్టించలేదు. ఆ తప్పు ఎవరిది?

లేచి నిలబడింది. "సారు, గొట్టాలన్నీ విప్పుత. నీ ముందటనే."

"టైం లేదమ్మా."

"నా పేరు స్టేషన్‌కు పంపే టైం ఉన్నది గద. ఆ టైమే నాకియ్యి." రాగి రేకు ముట్టింది, కూర్చుంది, పళ్లెం ముందుకు లాక్కుంది. అడ్డం వస్తే ఆమెను కుర్చీతో సహా ఎత్తాలి. అంత ధైర్యం విజయ్‌కుమార్‌కు లేదు.

"లెక్క నువ్వే పెట్టు సారు. నేను పెడితే మల్ల కాకిలెక్క అంటవ్."

ముందు తన పది గొట్టాలు విప్పింది. పదింటికి పది, వంద వంద. తర్వాత సింధుజవి. మొదటి గొట్టం వంచింది. విజయ్‌కుమార్ లెక్కపెట్టాడు, ఆగాడు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నూట ఒకటి. రెండోది నూట ఒకటి. మూడోదానికి అతని గొంతు మారింది. ఎనిమిది గొట్టాలయ్యేసరికి ఎనిమిది ప్రైమర్లు పళ్లెంలో పక్కకు వచ్చి కూర్చున్నాయి. సింధుజ ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

తొమ్మిదోది రాలేదు. పిన్ను లాగితే పైనున్న ప్రైమర్ అడ్డం తిరిగి చివరన ఇరుక్కుపోయింది. వంచినా ఒక్కటీ జారలేదు. విజయ్‌కుమార్ బల్ల మీదున్న ఇనుప ఊచ అందుకున్నాడు. "ఒక్క పోటు పొడిస్తే..."

జహీరాబీ అతని చేతి మీద కొట్టింది. ఊచ కింద పడింది.

"ఒకటి పేలితె వంద పేలుతయ్! నీ అయ్య అవ్వకు నేనేం చెప్పాలె?"

"మరి తొమ్మిదోది ఎట్ల తెలుస్తది? ఎనిమిదే దొరికినయ్. ఒక్కటి తక్కువున్నా తక్కువే." అతను చెయ్యి రుద్దుకున్నాడు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది అతని మొహంలో.

"పొడువనియ్య. సంతకం గుడ పెట్ట." జహీరాబీ గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని రెండు చివరలూ చూసింది. మిల్లులో పుచ్చు గింజ చేట మూలలో ఇరుక్కుంటే మూలను గిల్లేది కాదు, చేటనే ఇటు తిప్పేది. గొట్టాన్ని తిప్పి పట్టుకుంది. అడుగున ఉన్న మెత్తని ప్లాస్టిక్ మూతిని గోటితో కొద్దికొద్దిగా కదిలించి ఊడదీసింది. గొట్టాన్ని పళ్లెం మీదికి వాల్చింది. ప్రైమర్లు ఆ వైపు నుంచి ఒక్కొక్కటే జారి వచ్చాయి.

విజయ్‌కుమార్ లెక్కపెట్టాడు. సరిగ్గా వంద.

జహీరాబీ గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి అతని కంటి ముందు పెట్టింది. "చూడు. వెలుతురొస్తున్నదా?"

వెలుతురు రాలేదు. ఆ చివర ఒక ప్రైమర్ అడ్డం పడి మూసేసింది. తొమ్మిదోది అక్కడుంది. గొట్టాన్ని తీసుకుపోయి మూలనున్న ఇసుక బకెట్‌లో పడుకోబెట్టి వచ్చింది.

అప్పుడు చెప్పింది లాభం సంగతి. విజయ్‌కుమార్ తల పట్టుకున్నాడు. మత్తయ్యకు నవ్వొచ్చింది గానీ మింగేశాడు. మొదటి కాగితం చింపేసి మేనేజరు ఇంకోటి రాశాడు. "శిక్షణలో ఉన్న సింధుజ అజాగ్రత్త వల్ల లెక్క తప్పినది. ప్రైమర్లు అన్నియు ఉన్నవి." సాక్షిగా సంతకం పెట్టమని జహీరాబీ ముందుకు తోశాడు.

"ముందు నువ్వొక ముక్క రాయాలె సారు. మొదలు జహీరాబీ సంచి చూడుమన్న అని."

"ఎందుకమ్మా గదంత? దొరికినయ్ కద."

"ప్రైమర్లు దొరికినయ్. నా సంగతి రాయి."

అతను గడియారం వైపు చూశాడు. ఆమె కదల్లేదు. లోడింగ్ యంత్రం దగ్గర మనుషులు ఎదురు చూస్తున్నారు. చివరికి రాశాడు. "మొదట జహీరాబీ గారి సంచి మాత్రమే వెతకమన్నాను. అది సరి కాదు." కింద సంతకం పెట్టాడు. గారు అన్న మాట అతని కలంలోంచి ఎలా జారిందో అతనికే తెలియాలి.

ఆమె కాగితం తీసుకుని పై నుంచి కింది దాకా చదివింది. కలం అడిగింది. సింధుజ పేరు మీద, అజాగ్రత్త అన్న మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. పక్కన, ఒక్కో అక్షరం విడివిడిగా, రెండో తరగతి పుస్తకంలోలా రాసింది. "లాభం అంటే ఒకటేనని చెప్పలేదు. నేర్పింది నేను. తప్పు నాది." కింద సంతకం పెట్టింది. జహీరాబీ.

విజయ్‌కుమార్ ఆ కాగితం చూసి, ఆమెను చూశాడు. "పొద్దటి నుంచి ఇంత కొట్లాడి, మల్ల నువ్వే రాసుకున్నవా?"

"పొద్దటిది నాది కాదు. గిది నాది," అంది.

కాగితం పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇకనుంచి లెక్క ఒకటితోనే మొదలుపెట్టాలని, రేపు గోడకు నోటీసు కూడా అంటిస్తానని చెప్పాడు.

"అంటించు సారు, చదువుత," అంది జహీరాబీ.

అతను పోగానే రాగి రేకు ముట్టి కూర్చుంది. సింధుజను ఎదురుగా కూర్చోబెట్టింది. పళ్లెం మూడు చుట్లు తిప్పి, మూత పెట్టి బోర్లించి, ఖాళీ గొట్టం ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మల్ల మొదలువెట్టు బిడ్డా. ఇయ్యాల నోటితోని. గట్టిగ."

సింధుజ కళ్లు తుడుచుకుని, మొదటి ప్రైమర్ మీద గొట్టం ఆనించింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. జహీరాబీ చూడలేదు.

"లాభం," అంది సింధుజ.

గొట్టం రెండోదాని మీదికి జరిగింది. జహీరాబీ చూపు ఆ పిల్ల పెదాల మీదుంది.

"రెండు."